చలికాలపు సంపద



మార్గశీర్షము ప్రవేశింపగానే మన గ్రామములలో వృద్ధుల నోట తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు: "ఈ చలి గడచిన చాలును." ఈ మాటయందు న్యాయము లేకపోలేదు. కీళ్లు బిగియును; దగ్గు తిరుగబెట్టును; రాత్రి యెంతకును తెల్లవాఱదు. ఐనను హేమంత శిశిరములను రెంటిని ఏదో విధమున గడపవలసిన కాలముగా తలచి త్రోసివేసినచో, సంవత్సరమున మూడవ పాలు మన చేతినుండి జాఱిపోవును. వయసు చెల్లినవారికి ఏటిలో మూడవ పాలనగా స్వల్పమైన ధనము కాదు. కావున ఈ నాలుగు మాసములును మనకేమి తెచ్చి యిచ్చుచున్నవో నేడు కొంచెము లెక్క చూచెదము.

మొదట చలి యెందులకు కలుగుచున్నదో విచారింతము. చలికాలమున సూర్యుడు మనకు దూరమగునని పలువురి తలంపు. యథార్థము ఇందుకు విరుద్ధము. జనవరి మొదటి వారమున భూమి సూర్యునకు మిక్కిలి చేరువనుండును. అప్పటి దూరము సుమారు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్లు. జూలై మొదటి వారమున అది సుమారు 15 కోట్ల 21 లక్షలు. చలికి కారణము దూరము కాదు, వాలు. భూమి యిరుసు సుమారు ఇరువది మూడున్నర డిగ్రీలు ఒఱిగియుండుటచే, ఈ దినములలో సూర్యకిరణములు మనపై ఏటవాలుగా పడును. పగటి కాలమును తగ్గును. డిసెంబరు 22 ప్రాంతమున గోదావరీ తీరమున పగలు సుమారు 11 గంటలే. జూనులో నది 13 గంటలు దాటును. సూర్యుడు సమీపించియుండియు సౌమ్యుడైయుండు కాలమిది. గురువు ప్రక్కనే కూర్చుండియు మందలింపకున్నట్లు!

సూర్యుడు ఉత్తరమునకు మరలుటయు డిసెంబరు 22 ప్రాంతముననే. మనము జరుపుకొను మకర సంక్రమణము జనవరి 14 లేక 15. సుమారు 1700 సంవత్సరములనాడు ఈ రెండును ఒక్క దినముననే పడెడివి. సుమారు 72 ఏండ్లకొక డిగ్రీ చొప్పున అయనబిందువు జరుగుటచే నేడు వానికి ఎడము కలిగినది. పండుగ తప్పినదని దీని యర్థము కాదు. ఆకాశమునకును గడియారమువలె నడక కలదని యర్థము.

ఇక పొలమునకు పోవుదము. నిర్మలమైన రాత్రి నేల తన వేడిమిని ఆకాశమునకు విడిచి చల్లబడును. గాలిలోని ఆవిరి ఆకులపై బిందువులై నిలుచును. మబ్బు కప్పిన రాత్రి మంచు కుఱియకుండుటకు హేతువు, మబ్బు నేలకు దుప్పటివలె ఉపకరించుటయే. నల్లరేగడి నేలలు వానకాలమున దాచుకొన్న తేమతోనే శనగయు జొన్నయు ఎదుగుచుండును. శనగయాకుపై నుండు సన్నని నూగు పుల్లని రసమును స్రవించును. రాత్రి చేనిపై పలుచని గుడ్డ పఱచి, మంచుతో కూడిన యా పులుపును తెల్లవాఱి పిండి, అజీర్ణమునకు వాడుట పూర్వులెఱిగిన పద్ధతి.

మామిడికిని చలి వలయును. రాత్రులు చల్లబడి నేల యాఱినపుడు ఆ చెట్టు చిగురించుట మాని పూమొగ్గలు తొడుగును. చలి చాలని యేట పూత ఆలస్యమగును, లేదా పూతకు మాఱుగా ఆకులే వచ్చును. వైశాఖమున మనము రుచిచూచు పండునకు పునాది పుష్యమాసపు వణకులోనే పడినదన్న మాట. ఈ సంగతి తెలిసినవానికి కంబళిలో ముడుచుకొన్నప్పుడును చలిపై కొంత గౌరవము కలుగకపోదు.

మన యింటికి వచ్చు అతిథులును కలరు. శ్రీకాకుళము జిల్లాలోని తేలినీలాపురమున గూడబాతులును రంగుల కొంగలును ఏటేట వచ్చి చింతచెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, వేసవి ముదురకమునుపే వెడలిపోవును. ఆ యూరివారు వాని రాకను శుభముగా నెంతురు. సూళ్లూరుపేట చెంతనున్న నేలపట్టు చెఱువునను ఇట్లే. పక్షుల రెట్ట కలిసిన నీరు పైరులకు బలమని అచటి రైతుల నమ్మకము. తలపై రెండు నల్లని చారలుగల పెద్దబాతులు టిబెట్టు మొదలగు ప్రదేశములనుండి హిమాలయములను దాటి పులికాటు సరస్సు దాక వచ్చును. మనము తప్పించుకొనగోరు చలికాలమును వెదకికొని అవి యంత దూరము వచ్చుచున్నవి!

రాత్రి దీర్ఘమని విసుగుకొనువారు ఒక్కసారి తూర్పుదిక్కు చూడవలెను. మార్గశీర్షమున ప్రొద్దు క్రుంకిన కొంతసేపటికి పిల్లలకోడి యని మనము పిలుచు కృత్తికలు, ఎఱ్ఱని రోహిణి, మృగశిర, ఆర్ద్ర వరుసగా కానవచ్చును. వాని వెనుక నక్షత్రములన్నిటిలో మిక్కిలి ప్రకాశించు లుబ్ధకుడు వచ్చును. పున్నమినాటి చంద్రుడు ఏ నక్షత్రము చెంత నుండునో ఆ నక్షత్రము పేరే మాసమునకు వచ్చినదని మనుమలకు చూపి చెప్పుటకు ఇంతకంటె మంచి నల్లబల్ల లేదు.

శరీరమునకు గూడ ఇది లాభకాలమే. హేమంతమున జఠరాగ్ని ప్రబలమై, దేహబలము అధికముగా నుండునని చరకసంహిత చెప్పుచున్నది. క్రొత్త బియ్యము, నువ్వులు, బెల్లము, చిక్కుడు, తేగలు, రేగుపండ్లు ఈ కాలముననే లభించుట మనకు అనుకూలము. ఐనను జాగ్రత్త మఱువరాదు. చలికి రక్తపుపోటు హెచ్చును. కావున గుండె జబ్బు, ఉబ్బసము కలవారు వేకువజామున బయటకు పోక, ఎండ కాసిన పిదప నడచుట మేలు. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిదురించుట ప్రాణాపాయము. దానినుండి పుట్టు విషవాయువునకు వాసన యుండదు, నిదురించువాడు మేల్కొనడు.

వాల్మీకి మహర్షి అరణ్యకాండమున హేమంతమును వర్ణించిన ఘట్టము పెద్దలెల్లరు వినియుందురు. పంచవటిలో వేకువను సీతారాములు గోదావరికి స్నానమునకు పోవుచుండగా, కలశము చేతబట్టి వెంటనున్న లక్ష్మణుడు, ఇది నీకు ప్రియమైన ఋతువు గదా యని అన్నతో పలుకును. దప్పిగొన్న ఏనుగు నీటిని తాకి తొండమును వెనుకకు తీసికొనుట, నీటిపక్షులు నీట దిగక గట్టున నిలుచుట మున్నగునవి ఆతడు ఒక్కొక్కటిగా చూపును. అంతలో, ఈ చలిలో భరతుడు సరయువున ఎట్లు మునుగుచున్నాడో యని తలచుకొనును. చలి ఆతనికి సొంత బాధను కాక, ఇతరుని బాధను జ్ఞప్తికి తెచ్చినది. మన వీధిలో దుప్పటి లేనివాడు ఎవడో ఒకడుండును. ఋతువును మెచ్చుకొనుటకు మొదటి మెట్టు వానికొక దుప్పటి కప్పుటయే.

కడపటగా ఒక విన్నపము. భూమి సగటు వేడిమి 19వ శతాబ్దపు ఉత్తరార్ధముకంటె ఒక డిగ్రీకి పైగా పెరిగినది. ఋతువుల నడక మాఱుచున్నది. ఏ తిథికి తొలిమంచు పడెడిదో, మామిడి ఎప్పుడు పూచెడిదో, కొంగలు ఎన్నడు దిగెడివో ఊరిలో ఎఱిగినవారు మీరే. ఆ యెఱుక కాగితమెక్కనిచో మీతోనే పోవును. ఒక్కొక్కరు ఒక చిన్న పుస్తకము తెఱచి, దినమునకొక్క పంక్తి చొప్పున, చూచినది చూచినట్లు తేదీతో వ్రాయుడు. వ్రాయుట కష్టమైనచో మనుమనిచేత వ్రాయింపుడు. చూచుట అలవడినవానికి చలికాలము చాలదనిపించును. ఊరికిని ఒక ఆస్తి మిగులును.