మైత్రిని వెదకిన యాత్రలు

కాశికి పోయివచ్చినవారు గంగాజలము తెచ్చి ఇరుగుపొరుగులకు పంచుట మన వాడుక. ప్రశ్నలను మూటగట్టుకొని వచ్చిన యాత్రికులును కొందరున్నారు. డోర్నకల్‌కు విద్యార్థులతో వెళ్ళినపుడు నేను వారిని తలచుకొనవలసి వచ్చినది.

సికిందరాబాదులో రైలెక్కితే కాజీపేట, వరంగల్లు దాటిన పిమ్మట డోర్నకల్ జంక్షను. అక్కడి పెద్ద చర్చి ముందు నిలిచి, అంబర్‌పేట పిల్లవాడొకడు "ఇది గుడా, మసీదా, చర్చా సార్?" అన్నాడు. అడుగదగిన మాటే. గుంబజులు ఒక వంక, దేవళపు మండపమును తలపించు స్తంభములు మరియొక వంక! 1939లో ప్రతిష్ఠ జరిగిన ఆ మందిరము బిషప్ అజరయ్యగారి కల. ఆయన తమిళులు. 1909లో ఇచటికి వచ్చి తెలుగు నేర్చినారు. 1912లో ఆంగ్లికన్ సంఘమునకు తొలి భారతీయ బిషప్పైనారు.

అంతకు రెండేండ్ల ముందు, 1910లో, ఎడింబరో మహాసభలో ఆయన దొరల యెదుట నిలిచి, మీ త్యాగములను మేము మరువము, కాని మాకు కావలసినది మీ స్నేహము అన్న భావమును నిర్మొగమాటముగా చెప్పినారు. సభలో కలకలము రేగినది. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియైదు!

పాతికేండ్లు గడచినవి. 1935లో హోవర్డ్ థర్మన్, ఆయన భార్య స్యూ బెయిలీ, మరియొక దంపతులు అమెరికానుండి ఈ వైపునకు వచ్చినారు. నలుగురును నల్లజాతి క్రైస్తవులే. కొలంబోలో ఒక న్యాయవాది థర్మన్‌ను నిలదీసినాడు: మిమ్ము బానిసలుగా అమ్మినవారి మతమును మీరెట్లు పట్టుకొని తిరుగుచున్నారు? ఆ ప్రశ్న ఆయనను జీవితాంతము విడువలేదు. 1936 ఫిబ్రవరిలో బార్డోలీలో గాంధీజీని కలిసికొన్నారు. స్వదేశమునకు మరలిన పిమ్మట, 1944లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో అన్ని జాతులవారును కలిసి ప్రార్థించు సంఘమును నెలకొల్పినవారిలో ఆయన ఒకరు.

1959లో మార్టిన్ లూథర్ కింగ్ వచ్చినారు. కేరళలో హరిజన బాలుర పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు తనను అమెరికానుండి వచ్చిన అస్పృశ్యుడని పరిచయము చేసినాడనియు, మొదట మనస్సు చివుక్కుమన్నదనియు, పిదప అది నిజమే గదా అనిపించినదనియు 1965లో ఆయన చెప్పుకొన్నారు. ఆ మాట చదివినపుడెల్ల నాకు జాషువాగారి 'గబ్బిలము' మెదలును. గుడిలోనికి పోవుటకు గబ్బిలమునకు అడ్డు లేదు. దానిచే సందేశము పంపిన మనుష్యునకు కలదు.

తిరుగు రైలులో పిల్లలకు ఇదంతయు చెప్పుచుంటిని. ఉత్సాహములో నోరుజారి, మా వీధిలో ఇరువదేండ్లు కాపురమున్న ఒక క్రైస్తవోపాధ్యాయుని సంగతి ఎత్తితిని. ఆయన మా యింట ఎన్నిసార్లు భోజనము చేసినారో లెక్కలేదు. ప్రతి క్రిస్మసుకును నన్ను పిలిచెడివారు. ఆ పిల్లవాడే మరల అడిగినాడు:

"మీరు వాళ్ళింట్లో తిన్నారా సార్?"

కాజీపేట వచ్చువరకు నేను కిటికీలోనుండి బయటికి చూచుచుంటిని. పండుగ నాటికి నాకు ఎప్పుడును ఏదో ఒక పని తగులుచునే యుండెడిది. ఆయన నిరుడు ఉద్యోగవిరమణ చేసి తమ స్వగ్రామమునకు వెళ్ళిపోయినారు. చిరునామా సంపాదించి, ఈ క్రిస్మసుకు మీ యింటికి భోజనమునకు రావచ్చునా అని ఉత్తరము వ్రాసితిని. ఇంకను జవాబు రాలేదు.