ఒత్తిడికి వేళాపాళా నేర్పుదాం!

పొద్దున కళ్లు తెరవగానే ఫోన్‌లో మెయిల్స్. మధ్యాహ్నం ముద్ద దిగకముందే మీటింగు. రాత్రి పిల్లలు పడుకున్నాక అమెరికా వాళ్లతో కాల్. వీటి మధ్యే ఈఎంఐలు, అమ్మానాన్నల బీపీ షుగర్లు, పిల్లల మార్కులు. ‘టెన్షన్’ అన్న మాట వినపడకుండా ఏ ఇంట్లోనూ రోజు గడవడం లేదు. దాన్నుంచి బయటపడాలంటే ఏ గోవాకో, కులుమనాలికో వెళ్లాలనుకుంటాం. వెళ్లొచ్చిన వారానికే కథ మళ్లీ మొదటికొస్తుంది. ఎందుకంటే మందు సెలవుల్లో లేదు, మామూలు రోజుల్లోనే ఉంది. లేవడం, తినడం, నడవడం, మాట్లాడుకోవడం, పడుకోవడం... ఈ అయిదింటి వేళలు సరిచేసుకుంటే ఒత్తిడి తన హద్దులో తానుంటుంది.

ఒంట్లో ఏం జరుగుతుంది?

రోడ్డు దాటుతుంటే బస్సు మీదికి దూసుకొచ్చిందనుకోండి. ఆలోచించేలోపే కాళ్లు పక్కకు దూకుతాయి. గుండె దడదడలాడుతుంది, అరచేతులకు చెమటలు పడతాయి. మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు ముందు అడ్రినలిన్‌నీ, ఆ తర్వాత కార్టిసాల్‌నీ రక్తంలోకి వదులుతాయి. కండరాలకు చక్కెర అందుతుంది. అరుగుదల లాంటి తొందరలేని పనులు కాసేపు వాయిదా పడతాయి. ఆపద ఎదురైతే తిరగబడటానికో పారిపోవడానికో శరీరం ఇలా సిద్ధమవుతుందని హార్వర్డ్ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే వివరించారు. ఈ ఏర్పాటు లేకపోతే మనిషి ఇన్నాళ్లు బతికి బట్టకట్టేవాడే కాదు.

చిక్కల్లా ఆపద దాటిపోనప్పుడే. బస్సు క్షణంలో వెళ్లిపోతుంది. అప్పు, ఆఫీసులో పడ్డ మాట, రాబోయే ర్యాంకు అలా వెళ్లవు, పడక దాకా వెంటొస్తాయి. మాంట్రియల్‌లో పనిచేసిన హాన్స్ సెల్యే 1936లో ఈ సంగతే బయటపెట్టారు. చలి, గాయం, విషపదార్థం... బాధ ఏదైనా ఎలుకల శరీరం ఒకే తీరుగా స్పందించింది. అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, జీర్ణాశయంలో పుండ్లు పడ్డాయి. బాధ ఎంతకీ తగ్గకపోతే తట్టుకునే శక్తి అయిపోయింది.

మనుషుల్లోనూ దీని జాడలు స్పష్టంగా కనిపిస్తాయి. మతిమరుపు వ్యాధి వచ్చిన అయినవాళ్లకు ఏళ్ల తరబడి సేవ చేస్తున్న మహిళలను అమెరికాలోని ఒహాయో శాస్త్రవేత్తలు పరిశీలించారు. వారి చేతి మీద చేసిన చిన్న గాయం మానడానికి, అదే వయసు మహిళలకన్నా సగటున 9 రోజులు ఎక్కువ పట్టిందని 1995లో ప్రచురించారు. అంటే దిగులు మనసులోనే ఆగిపోదు, చర్మం దాకా వస్తుంది.

పొద్దున్నే వెలుగు చూడాలి

కార్టిసాల్ పేరు వినగానే దాన్ని విలన్‌లా చూడక్కర్లేదు. దానికో దినచర్య ఉంది. తెల్లవారుజామున పెరుగుతూ, నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటకు గరిష్ఠానికి చేరుతుంది. మనల్ని పనిలోకి దింపేది అదే. సాయంత్రానికి తగ్గుతూ అర్ధరాత్రి వేళకు అడుగంటుతుంది. ఒంట్లోని ఇలాంటి లయల్ని నడిపే జన్యువుల రహస్యం ఛేదించినందుకే జెఫ్రీ హాల్, మైఖేల్ రోస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ లయల్ని నడిపే మెదడులోని గడియారాన్ని సరిచేసేది వెలుగే. అందుకే లేచిన గంటలోపు పది, పదిహేను నిమిషాలు ఆరుబయట గడపాలి. వాకిట్లో ముగ్గు వేసినా, డాబా మీద మొక్కలకు నీళ్లు పోసినా, పాల ప్యాకెట్టు కోసం వీధి చివరిదాకా నడిచినా చాలు. ఆ కాసేపూ ఫోన్ ఇంట్లోనే ఉండాలి. ఒళ్లు నిద్ర నుంచి తేరుకుంటున్న వేళ ఎక్కడో జరిగిన ఘోరాన్నో, మేనేజర్ మెసేజ్‌నో మెదడుకు అందించడం దానికి మనం చేసే మొదటి అన్యాయం.

టీ ఎన్నిసార్లు? తిండి ఎప్పుడు?

తలనొప్పిగా ఉందంటే టీ, పని పడిందంటే కాఫీ. వాటిలోని కెఫీన్ అలసటను తీసేయదు. అలసట కబురు మెదడుకు చేరకుండా కాసేపు ఆపుతుందంతే. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు 5 గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీ రాత్రి పదకొండింటికీ సగం మిగిలే ఉంటుందన్నమాట. నిద్ర పట్టడం లేదని గాబరా పడేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఆ చివరి కప్పునే.

హైదరాబాద్‌ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదు. 150 మిల్లీలీటర్ల డికాషన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాములు, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుంది. మధ్యాహ్నం రెండు మూడింటితో కాఫీ, టీలకు స్వస్తి చెప్పి, తర్వాత మజ్జిగో, నిమ్మరసమో అలవాటు చేసుకుంటే రాత్రి తేడా తెలుస్తుంది.

తిండి మానేయడమూ ఒత్తిడే. రక్తంలో చక్కెర పడిపోతే దాన్ని నిలబెట్టడానికి శరీరం వాడుకునేవాటిలో అడ్రినలిన్, కార్టిసాల్‌లూ ఉంటాయి. టిఫిన్ ఎగ్గొట్టి ఆఫీసుకెళ్లినవాళ్లకు పదకొండింటికల్లా చిరాకు రావడంలో దీని పాత్ర తక్కువేం కాదు. ఇడ్లీ, పెసరట్టు, ఉప్మా, రాగి అంబలి, ఉడికించిన గుడ్డు... ఏదైనా సరే, వేళకు తినాలి. దిగులుగా ఉన్నప్పుడు చెయ్యి తీపి వైపో, వేపుళ్ల వైపో వెళ్తుంది. ఆ క్షణానికి అందుబాటులో వేయించిన శనగలో, పల్లీలో, జామకాయో ఉంచుకోవడం మన చేతిలో పని.

అడుగు పడితే బరువు తగ్గుతుంది

పరుగెత్తమనో, పోరాడమనో ఒత్తిడి శరీరాన్ని సిద్ధం చేస్తుంది. మనమేమో కుర్చీలోంచి కదలం. ఆ సన్నాహం ఖర్చయ్యే దారే నడక. వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు చురుగ్గా నడిస్తే కనీసపు లెక్క సరిపోతుంది.

వ్యాయామం బలమెంతో చూడటానికి అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో కుంగుబాటుతో బాధపడుతున్న 50 ఏళ్లు దాటిన 156 మందిని మూడు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మందు, ఒక జట్టుకు వ్యాయామం, మరో జట్టుకు రెండూ ఇచ్చారు. మందు త్వరగా పనిచేయడం మొదలుపెట్టినా, 16 వారాలకు మూడు జట్లలోనూ దాదాపు ఒకే మేరకు గుణం కనిపించిందని 1999లో వెల్లడించారు. మందులు వాడుతున్నవాళ్లు వాటిని మానేయాలని దీనర్థం కాదు. నడకను తేలిగ్గా తీసుకోవద్దని అర్థం.

విశాఖ బీచ్‌రోడ్డు, హైదరాబాద్ కేబీఆర్ పార్కు అందరికీ దగ్గర్లో ఉండవు. ఊళ్లో చెరువుగట్టు, కాలనీలో స్కూలు మైదానం, అపార్ట్‌మెంట్ టెర్రస్ చాలు. రాత్రి భోజనం అయ్యాక ఇంటిల్లిపాదీ పది నిమిషాలు నడిస్తే రక్తంలో చక్కెర అదుపులో ఉంటుంది, పగలంతా కుదరని కబుర్లూ సాగుతాయి.

నిమిషానికి ఆరు ఊపిరులు

ఖర్చులేనిది, ఎక్కడైనా పనికొచ్చేది ఊపిరి. మామూలుగా పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు శ్వాసిస్తారు. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నాడి ప్రభావంతో గుండె వేగం కాస్త తగ్గుతుంది. కాబట్టి వదలడం ఎంత నిదానమైతే ఒంటికి అంత నెమ్మది. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదిలితే నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. అయిదు నిమిషాలు ఇలా చేయడానికి యోగా మ్యాట్ కూడా అక్కర్లేదు. ఇంటర్వ్యూ గది బయట, ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర, పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం ఇచ్చేముందు కూడా చేసుకోవచ్చు.

ఇటలీ పరిశోధకులు 2001లో ఓ ఆసక్తికరమైన సంగతి ప్రచురించారు. లాటిన్‌లో క్రైస్తవుల జపమాల ప్రార్థన చేసినా, ‘ఓం మణి పద్మే హుం’ మంత్రం జపించినా శ్వాస దానంతటదే నిమిషానికి ఆరుకు చేరిందట, గుండె లయ కూడా మెరుగుపడిందట. మన భజనలు, రాగం తీసి పాడే పద్యాలు, చర్చిలో పాటలు కూడా ఊపిరిని పొడవుగా వదిలేలా చేసేవే. పాటొచ్చినా రాకపోయినా రోజూ కాసేపు గొంతు విప్పండి.

పంచుకునే మనిషి, పంచుకునే పని

2006లో వెలువడిన ఓ పరిశోధనలో 16 మంది వివాహిత మహిళలకు మెదడు స్కానింగ్ చేస్తూ స్వల్పంగా కరెంటు షాక్ ఇస్తామని చెప్పారు. భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు మెదడులో భయం తాలూకు స్పందన బాగా తగ్గింది. దాంపత్యం సఖ్యంగా ఉన్నవాళ్లలో అది ఇంకా తగ్గింది. మన ఊళ్లలో అరుగుల మీద, రచ్చబండ దగ్గర జరిగిన పని ఇదే. ఎవరి గోడు వాళ్లు వెళ్లబోసుకుని తేలికపడి లేచేవారు. ఇప్పుడు అరుగుల్లేవు సరే, వారానికి రెండుసార్లయినా మెసేజ్ పెట్టకుండా ఫోన్ చేసి మాట్లాడే ఒక స్నేహం అందరికీ కావాలి.

మాటతో పాటు పనీ పంచుకోవాలి. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే మహిళలు దానికి రోజూ సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పని చేసే మగవాళ్లు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. రెండు వందల నిమిషాల తేడా ఉన్న ఇంట్లో ఇల్లాలికి ‘ధ్యానం చెయ్యి, టెన్షన్ తగ్గుతుంది’ అని సలహా ఇవ్వడం న్యాయం కాదు. ఆమె ఒత్తిడికి మొదటి మందు, భర్తా పిల్లలూ అందుకునే చీపురు, గరిటె.

నిద్రకు ముందు కాగితం

పెద్దవాళ్లకు రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలి. పడుకునే ముందు గంట ఇంట్లో లైట్లు తగ్గించి, ఫోన్ పక్కగదిలో పెడితే నిద్రను తెచ్చే మెలటోనిన్ సకాలంలో పెరుగుతుంది. రేపటి పనులు బుర్రలో తిరుగుతుంటే వాటిని కాగితం మీద పెట్టేయండి. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం 2018లో ప్రచురించిన ప్రయోగంలో, పడుకునేముందు 5 నిమిషాలు చేయాల్సిన పనుల జాబితా రాసుకున్నవాళ్లు, చేసేసిన పనులు రాసినవాళ్లకన్నా దాదాపు 9 నిమిషాలు ముందే నిద్రలోకి జారుకున్నారు.

నవంబరులో అమెరికా గడియారాలు గంట వెనక్కి తిరగ్గానే మన ఐటీ ఉద్యోగుల రాత్రి కాల్స్ గంట ఆలస్యమవుతాయి. అలాంటివాళ్లు ఆలస్యంగా పడుకున్నా రోజూ ఒకే వేళకు పడుకోవాలి, పగటి నిద్రకు గదిని చీకటిగా ఉంచుకోవాలి, సెలవు రోజున ఆ వేళల్ని తలకిందులు చేయకూడదు.

తేలిక దారులే కదా అని...

• అశ్వగంధ ఒత్తిడిని కొంత తగ్గిస్తుందని చిన్న పరిశోధనలు చెబుతున్నాయి. అరుదుగా కాలేయం దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. గర్భిణులు, థైరాయిడ్, కాలేయ సమస్యలున్నవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా వాడొద్దు.

• మందు కొడితే నిద్ర త్వరగా పట్టొచ్చు కానీ, రాత్రి రెండో సగంలో ఆ నిద్ర ముక్కలవుతుంది.

• సిగరెట్‌తో తగ్గినట్టనిపించే చిరాకులో చాలా భాగం, నికోటిన్ అందకపోవడం వల్ల పుట్టిందే.

ఇవి చాలనప్పుడు...

అలవాట్లు అప్పు తీర్చవు, చెడ్డ బాస్‌ను మార్చవు. వాటిని ఎదుర్కొనే ఓపికనిస్తాయి. రెండు వారాలకు పైగా దిగులు వదలకపోయినా, ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోయినా డాక్టర్‌ను కలవాలి. బతకాలనిపించకపోతే ఒక్కరోజు కూడా ఆగొద్దు, వెంటనే సాయం కోరాలి. 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన ‘టెలీ మానస్’ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇన్ని చెప్పాం కదా అని అన్నీ రేపే మొదలుపెట్టకండి, అదో కొత్త టెన్షన్ అవుతుంది. వీటిలో మీకు తేలికనిపించిన ఒక్కటి ఎంచుకోండి. అది అలవాటయ్యాకే రెండోదాని జోలికి వెళ్లండి. ఇంట్లో ఇంకొకరిని తోడు తెచ్చుకుంటే అది నిలబడుతుంది కూడా. ఈ ఆదివారమే మొదలుపెట్టండి!