సోలాపూర్ చాదర్ ఏ గోదాములో ఉండాలి?

సోలాపూర్ తూర్పు పేటల్లో, సాఖర్ పేట, భద్రావతి పేట, అశోక్ చౌక్ చుట్టుపక్కల, సాంచాల (మరమగ్గాల) చప్పుడుతో పాటు తెలుగు వినిపిస్తుంది. తరాల కిందట తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు నిలబెట్టిన నేత ఇది. ఇక్కడి జకార్డ్ చాదర్‌కూ టెర్రీ టవల్‌కూ భౌగోళిక గుర్తింపు ఉంది. నేతలో వీళ్లకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఆన్‌లైన్ అమ్మకం మొదలుపెట్టాక ఎదురయ్యే చిక్కు వేరు: సరుకు ఎక్కడ నిల్వ పెట్టాలి, ఏ ఆర్డరు ఎక్కడి నుంచి కదలాలి?

కొనేవాడికి దగ్గర్లో పెట్టమని అందరూ చెప్తారు. తెల్ల టవళ్లకు, నాప్‌కిన్లకు అది సరే. ఏ ఊళ్లోనైనా రోజూ పోయే సరుకది. చాదర్ అలా కాదు. పది డిజైన్లు, ఒక్కోదానికి ఐదారు రంగులు. ఉన్న కొద్ది నిల్వనూ మూడు గోదాములకు పంచితే చెన్నై అడిగిన ఎర్రది ఢిల్లీలో ఉంటుంది, ఢిల్లీ అడిగిన పచ్చది ఎక్కడా ఉండదు. అందుకే చాదర్లు కార్ఖానా పక్కనే ఉండాలంటాను. రెండు రోజులు ఆలస్యమైనా అడిగిన రంగు అందుతుంది.

అద్దకం సంగతి చాలామంది ఆలోచించరు. ఒకే నీలం రంగు టవళ్లయినా, ఈ నెల అద్దిన లాటుకీ పోయిన నెల లాటుకీ రవ్వంత తేడా వస్తుంది. నాలుగు టవళ్ల ఆర్డరుకు రెండు సోలాపూర్ నుంచి, రెండు మరో గోదాము నుంచి వెళ్లాయనుకోండి. కొన్నవాళ్లు పక్కపక్కన పెట్టి చూస్తారు, వెనక్కి పంపుతారు. కొరియర్ ఖర్చు కూడా రెండుసార్లు. కాబట్టి ఒక లాటు మొత్తం ఒకే చోట ఉండాలి, ఒక ఆర్డరు ఒకే చోటు నుంచి వెళ్లాలి. అలమర మీద డిజైన్ పేరుతో పాటు లాటు నంబరు రాసిన చీటీ అతికించాలి.

మడతలోనూ డబ్బుంది. కొరియర్ వాళ్లు సాధారణంగా పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. ఆ అంకె అసలు బరువు కన్నా ఎక్కువైతే దానికే కిరాయి. 1.6 కిలోల చాదర్‌ను వదులుగా 40, 30, 10 కొలతల డబ్బాలో పెడితే 2.4 కిలోల కిరాయి పడుతుంది. బిగించి 35, 28, 8కి తెస్తే లెక్క 1.57కి దిగి, అసలు బరువుకు కడితే సరిపోతుంది.

రెండో గోదాము కావాలంటే ముందు భివండీ వైపు చూడండి. అదీ మన నేతగాళ్లు వలస వెళ్లిన సాంచాల ఊరే. ఇప్పుడు ముంబైకి సరుకు పంపే గోదాముల కేంద్రం. మహారాష్ట్రలోనే ఉంది కాబట్టి ఉన్న జీఎస్టీ నంబరులోనే అదనపు వ్యాపార స్థలంగా చేర్చుకోవచ్చు. అదే హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో పెడితే ఆ రాష్ట్రంలో వేరే రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. మన గోదాము నుంచి మన గోదాముకే పంపినా అది పన్ను పడే సరఫరా కిందికి వస్తుంది. ఆ పన్ను తర్వాత సర్దుబాటయినా, అప్పటిదాకా చేతిలో డబ్బు ఇరుక్కుపోతుంది. చిన్న కార్ఖానాకు అది బరువే. పైగా సోలాపూర్ నుంచి హైదరాబాద్ రోడ్డు దారిలో 300 పైచిలుకు కిలోమీటర్లే, దానికి వేరే గోదాము అక్కర్లేదు.

సెలవులు కూడా చోటును బట్టి మారతాయి. నారళీ పౌర్ణమికి మార్కండేయ రథోత్సవం నాడు ఈ పేటల్లో పని సాగదు, భివండీ గోదాము మాత్రం తెరిచే ఉండొచ్చు. ఒక్కో చోటుకు విడిగా సెలవుల పట్టిక పెట్టకపోతే సరుకు చేరే తేదీ మీద ఇచ్చిన మాట తప్పుతుంది.

అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు, గడిచిన మూడు నెలల ఆర్డర్లను పిన్‌కోడ్ మొదటి రెండంకెల ప్రకారం వేరుచేసి చూడండి. సగానికి పైగా ఒకే దూరపు ప్రాంతానివైతేనే అక్కడ గోదాము తీసుకోండి. లేదంటే ఆ డబ్బు నూలుకు పెట్టండి.