న్యోకీ: ఆలుగడ్డ, ఉల్లిగడ్డతో ఇటలీ వంట.. రెసిపీలు ‘20 నిమిషాలు’ అంటాయి, నిజానికి ఎంతసేపు పడుతుంది?

సూరత్‌లోని గోడాదరాలో కూరగాయల బండి దగ్గర ఒకే దుంపను బటాకా అని, ఆలూ అని, ఆలుగడ్డ అని అడిగేవాళ్లు పక్కపక్కనే నిలబడతారు. లింబాయత్, పర్వత్ పాటియాలను ఆనుకుని ఉన్న ఈ ప్రాంతంలో తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీలతో పాటు తెలుగు మీడియం బడులనూ నడిపే ఊరు ఇది.

ఆ బండి మీద దొరికే ఆలుగడ్డ, ఉల్లిగడ్డలకు ఇంట్లో ఉండే మైదా, కాస్త వెన్న తోడైతే తయారయ్యే వంటకమే న్యోకీ. ఉడికించిన ఆలుగడ్డను మైదాతో కలిపి, బొటనవేలి కొస అంత ముక్కలుగా చేసి, మరిగే నీళ్లలో వేసి తీస్తారు. దాని మీద ఎర్రగా మగ్గిన ఉల్లి వేసుకుంటే మెత్తగా, తియ్యగా, కడుపు నిండా ఉండే రాత్రి భోజనం. పెద్ద దుకాణాల్లో దీన్ని ప్యాకెట్లలో అమ్ముతారు. రెస్టారెంట్లలో ధర ఇంకా ఎక్కువ. అందుకే ఖరీదైన తిండి అనిపిస్తుంది. కానీ ఇంట్లో చేస్తే ఇందులో ఖరీదైన సరుకు ఏదీ లేదు. దీనికి కావాల్సింది సమయం. రీల్స్‌లో, వంటల వెబ్‌సైట్లలో సరిగ్గా చెప్పనిది కూడా దాని గురించే.

జీతానికి ముందు రోజుల తిండి

న్యోకీ అనే పేరుకు మూలం ఇటాలియన్‌లో కణుపు అనో, వేలి కణుపు అనో అర్థమొచ్చే మాట కావచ్చని చెబుతారు. గుజరాతీ ముఠియాకు ఆ పేరు పిడికిలి నుంచే వచ్చింది. సూరతీలు చలికాలంలో ఇష్టంగా చేసుకునే ఊంధియూలో వేసే ముఠియాకు, తెలుగిళ్ల కుడుములకు, న్యోకీకి పని ఒకటే. పిండిని చేత్తో ముద్ద చేయడం, ఆవిరికో నీళ్లకో నూనెకో అప్పగించడం.

ఆలుగడ్డ దక్షిణ అమెరికా నుంచి యూరప్‌కు చేరింది 16వ శతాబ్దంలో. అంతకుముందు న్యోకీని పిండితో, రవ్వతో, ఎండిన రొట్టెతో చేసేవారు. ఆలుగడ్డ న్యోకీ బాగా వ్యాపించింది 18, 19 శతాబ్దాల్లో. ఆ తర్వాత ఇటలీ నుంచి వలస వెళ్లినవాళ్లతో పాటు అది అర్జెంటీనా చేరింది. అక్కడ ప్రతి నెలా 29న న్యోకీ తినడం ఆనవాయితీ. దాని వెనక ఒక సాధువు కథ చెబుతారు. లెక్క మాత్రం సులువుగానే అర్థమవుతుంది. నెలాఖరుకు జేబులు ఖాళీ, ఇంట్లో మిగిలేది ఆలుగడ్డ, పిండి. కలిసిరావాలని పళ్లెం కింద ఒక నోటు పెట్టి తింటారు. పని చేయకుండా నెలాఖరున జీతానికి మాత్రమే కనిపించే ప్రభుత్వ ఉద్యోగిని అక్కడ ‘న్యోకీ’ అని వెక్కిరిస్తారు కూడా.

ఏ ఆలుగడ్డ కొనాలి?

న్యోకీ చెడిపోయిందంటే చాలాసార్లు కారణం పిండి కాదు, ఆలుగడ్డలోని నీరు. నీరు ఎక్కువగా ఉంటే మైదా ఎక్కువ పడుతుంది. మైదా ఎక్కువైతే ముక్క రబ్బరులా సాగుతుంది.

దుంపలో నీరు తక్కువ, పిండిపదార్థం ఎక్కువ ఉండటం ఎంత విలువైన గుణమో గుజరాత్ రైతులకు వేరే చెప్పక్కర్లేదు. చిప్స్ కోసం తాము నమోదు చేయించుకున్న ఎఫ్‌సీ5 రకాన్ని అనుమతి లేకుండా పండించారంటూ 2019లో పెప్సికో ఈ రాష్ట్రంలోని కొందరు రైతులపై కోర్టుకెక్కింది. నలుగురి నుంచి ఒక్కొక్కరికి కోటి రూపాయలకు పైగా పరిహారం అడిగింది. దేశవ్యాప్తంగా విమర్శలు రావడంతో అదే ఏడాది మే నెలలో కేసులు వెనక్కి తీసుకుంది. నీరు తక్కువున్న దుంప నూనెలో కరకరలాడుతుంది. న్యోకీకీ కావాల్సింది అలాంటిదే.

బండి మీద మాత్రం రకం పేరు రాసి ఉండదు. కుఫ్రీ పుఖ్‌రాజ్ లాంటి త్వరగా చేతికొచ్చే రకాల్లో నీరు ఎక్కువ, చిప్సోనా రకాల్లో తక్కువ. (సిమ్లా దగ్గరి కుఫ్రీ పేరే మన దేశపు ఆలుగడ్డ రకాలకు ఇంటి పేరు అయింది.) పలచటి తొక్క గోటితో గీస్తే ఊడివచ్చే కొత్త ఆలుగడ్డ కూరకు బాగుంటుంది, న్యోకీకి పనికిరాదు. బనాస్‌కాంఠా జిల్లా డీసా ప్రాంతంలో చలికాలం చివర తవ్విన పంట కోల్డ్ స్టోరేజీలకు వెళ్లి ఏడాదిలో చాలా నెలలు మార్కెట్‌కు వస్తూ ఉంటుంది. బాగా చల్లగా నిల్వ చేస్తే దుంపలోని పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది. ఉడికించాక తియ్యగా అనిపించే ఆలుగడ్డ అదే. దాంతో కూడా ముద్ద సరిగ్గా కుదరదు.

అనుమానంగా ఉంటే ఒక పరీక్ష ఉంది. 11 కప్పుల నీళ్లలో ఒక కప్పు ఉప్పు కరిగించి ఆలుగడ్డను వేయాలి. పిండిపదార్థం ఎక్కువున్నది మునుగుతుంది, నీరు ఎక్కువున్నది తేలుతుంది. కిలో కొనే ముందు ఒకటి రెండు తెచ్చి చూసుకుంటే సరిపోతుంది.

ముద్ద కలిపే తీరు

నలుగురికి కిలో ఆలుగడ్డ, 250 గ్రాముల మైదా, ఉప్పు చాలు. గుడ్డు వేస్తే ముక్కలు విడిపోవనే ధీమా ఉంటుంది, వేయకపోయినా వస్తాయి.

ఆలుగడ్డను కోయకుండా, తొక్కతోనే ఉడికించాలి. కోస్తే నీరు పీల్చుకుంటుంది. కుక్కర్‌లో పెట్టేవాళ్లు దుంపలను నేరుగా నీళ్లలో వేయకుండా గిన్నెలో పెట్టి ఆవిరికి వదిలితే మంచిది. వేడిగా ఉండగానే తొక్క తీసి చిదిమి, వెడల్పాటి పళ్లెంలో పరిచి ఆవిరి పోనివ్వాలి. ఆ పోయే ఆవిరంతా తర్వాత మైదా అడగకుండా తప్పించిన నీరే. మిక్సీ జోలికి అసలు పోకూడదు. బ్లేడు దుంపలోని కణాలను కోసేస్తే లోపలి పిండిపదార్థం బయటికొచ్చి మొత్తం జిగురు ముద్దవుతుంది.

మైదా కలపడంలో చపాతీ పిండి అలవాటును పక్కన పెట్టాలి. చపాతీకి ఎంత మర్దిస్తే అంత మంచిది, ఎందుకంటే గోధుమలోని గ్లూటెన్ సాగాలి. ఇక్కడ అది సాగకూడదు. ముద్ద కలిసిందనిపించగానే చేయి ఆపేయాలి. గోధుమపిండితోనూ చేయొచ్చు గానీ కాస్త బరువుగా, ముదురు రంగులో వస్తుంది. బియ్యప్పిండితో కుడుములు నిలబడేది దాన్ని వేడినీళ్లలో ఉక్కబెట్టడం వల్ల. పొడి బియ్యప్పిండిని మైదా బదులు కలిపితే ముక్కలు నీళ్లలో విడిపోతాయి.

ముద్ద మొత్తాన్ని ముక్కలు చేసే ముందు ఒక్క ముక్కను మరిగే ఉప్పునీళ్లలో వేసి చూడాలి. కరిగిపోతే రెండు చెంచాల మైదా కలపాలి. నిలబడితే మిగతాది వేలి లావు తాళ్లలా చేసి కోయడమే. ఫోర్క్ వెనక వైపు నొక్కితే పడే గీతలు అందం కోసం కాదు, ఉల్లి, వెన్న ఆ గాళ్లలో పట్టుకుంటాయి. ముక్కలు పైకి తేలాక అర నిమిషం ఉంచి చిల్లుల గంటెతో తీసేయాలి.

ఉల్లి ఎర్రబడటానికి అయిదు నిమిషాలా?

అసలు సమయమంతా ఉల్లి దగ్గరే పడుతుంది. 2012లో టామ్ స్కోకా అనే అమెరికన్ జర్నలిస్టు స్లేట్‌లో ఒక వ్యాసం రాశారు. ఉల్లిని క్యారమలైజ్ చేయడానికి అయిదు, పది నిమిషాలు చాలని పేరున్న పత్రికలే రాస్తున్నాయని, అది అబద్ధమని, తాను స్వయంగా చేసి చూస్తే సరిగ్గా రావడానికి ముప్పావు గంట పట్టిందని అందులో చెప్పారు. అయిదేళ్ల తర్వాత ఆయనే ఇంకో వింత బయటపెట్టారు. ఎంతసేపు పడుతుందని గూగుల్‌ను అడిగితే, ఆయన తప్పని చూపించడానికి ఉటంకించిన ‘అయిదు నిమిషాల’ వాక్యాన్నే ఆయన వ్యాసం నుంచి తీసి అప్పట్లో జవాబుగా ఇచ్చేది.

ఎందుకంత సమయం? కిలో ఉల్లిగడ్డలో 880 గ్రాములకు పైగా నీరే. ఆ నీరు ఉన్నంతసేపు కడాయిలో వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఉల్లిలోని చక్కెరలు, ప్రోటీన్లు కలిసి ఎరుపెక్కే చర్య వేగం పుంజుకునేది అంతకంటే చాలా ఎక్కువ వేడి దగ్గర. మంట పెంచితే అంచులు మాడి మధ్యలో పచ్చిగా ఉంటుంది. బిర్యానీ మీద చల్లే వేయించిన ఉల్లి పావుగంటలో అవుతుంది కదా అనొచ్చు. అది నూనెలో మునిగి వేగేది. నూనె వేడికి నీరు ఒక్కసారిగా పోయి ఉల్లి కరకరలాడుతుంది. ఇక్కడ కావాల్సింది జామ్ లాంటి మెత్తదనం.

పలుచగా, నిలువుగా కోసిన కిలో ఉల్లిని అడుగు మందంగా ఉన్న వెడల్పాటి కడాయిలో నూనె, వెన్న, ఉప్పుతో వేసి పది నిమిషాలు మూత పెట్టాలి. నీరు ఊరాక మూత తీసి మంట తగ్గించాలి. అడుగు అంటినప్పుడల్లా చెంచాడు నీళ్లు పోసి గీకుతూ ఉంటే ఆ రంగంతా ఉల్లికే పడుతుంది. ముప్పావు గంట నుంచి గంట. కిలో ఉల్లి చివరికి చిన్న గిన్నెడు అవుతుంది. చిటికెడు తినే సోడా వేస్తే రంగు త్వరగా వస్తుంది, కానీ ఉల్లి గుజ్జయిపోతుంది. చక్కెర వేయడం రంగు కోసం చేసే మోసం, ఆ తీపి నాలుకకు వెంటనే తెలిసిపోతుంది.

సిలిండర్ వాడే ఇంట్లో దీనికయ్యే గ్యాస్ అంచనాగా 100 గ్రాముల చుట్టూ ఉంటుంది, 14.2 కిలోల సిలిండర్‌లో అది పెద్ద భాగం కాదు. ఉల్లి ధర మాత్రం చూసుకోవాల్సిందే. ధరలు అదుపులో పెట్టడానికి కేంద్రం 2023 డిసెంబర్ నుంచి 2024 మే దాకా ఎగుమతులనే ఆపేసింది. అలాంటి రోజుల్లో అరకిలోతో సరిపెట్టుకుని, మిరియాలు, వెల్లుల్లి కాస్త ఎక్కువ వేసుకోవడం నయం.

ఆ గంట ఎవరిది?

‘20 నిమిషాల డిన్నర్’ అని రాసే రెసిపీ ఎవరినో ఒకరిని పొయ్యి దగ్గర నిలబెట్టి, ఆ నిలబడ్డ సమయాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. కేంద్ర గణాంక శాఖ 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనులు చేసే మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు వాటికే ఇస్తున్నారు. అలాంటి పనులు చేసే మగవాళ్లు ఇచ్చేది 88 నిమిషాలు. సూరత్ మరమగ్గాల్లో 12 గంటల షిఫ్టులు మామూలు. ఆ షిఫ్టుకు వెళ్లినవాళ్లు అలసిపోయి వస్తారు. ఇంట్లో ఉన్నవాళ్లు చీరలకు లేసు కుట్టడం, రాళ్లు అంటించడం, దారాలు కత్తిరించడం లాంటి పనులు వంటకు అటూ ఇటూ సర్దుకుంటూ ఉంటారు. వాళ్లకు పొయ్యి దగ్గర గంట అంటే కొన్ని చీరల కూలి.

కాబట్టి ఈ వంటను ఒకే సాయంత్రం మొత్తం చేయాలనుకోవడమే పొరపాటు. ఉల్లిని సెలవు రోజు రెండు కిలోలు ఒకేసారి మగ్గించి ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు రోజులు ఉంటుంది. మిగిలింది పప్పులోకో, రొట్టెలోకో పోతుంది. ఆ గంటలో కలుపుతూ నిలబడటానికి వంట రావాల్సిన అవసరం లేదు, ఇంట్లో ఎవరైనా నిలబడొచ్చు. న్యోకీ ముక్కలను పచ్చివిగా బయట ఉంచితే రెండు గంటల్లో చెమర్చి అంటుకుపోతాయి. మైదా చల్లిన పళ్లెంలో విడివిడిగా పెట్టి ఫ్రీజర్‌లో గట్టిపడ్డాక సంచిలో వేస్తే నెల దాకా పనికొస్తాయి. వండేటప్పుడు కరిగించకుండా నేరుగా మరిగే నీళ్లలో వేయాలి. అప్పుడు మాత్రమే షిఫ్టు నుంచి వచ్చిన మనిషికి 20 నిమిషాల్లో వేడి పళ్లెం అనే మాట నిజమవుతుంది.

చివర్లో ఉల్లిని, ఉడికిన ముక్కలను, ఒక గంటె ఉడికించిన నీళ్లను, చెంచా వెన్నను కడాయిలో కలిపితే ఆ నీళ్లలోని పిండి సాస్‌ను చిక్కబరుస్తుంది. ఉల్లి తీపిని విరచడానికి నిమ్మరసం నాలుగు చుక్కలు. పైన చీజ్ వేసేవాళ్లు పార్మెజాన్ అనే పేరు చూసి కొనేయకూడదు. అసలైన ఇటలీ పార్మెజాన్‌లో పాలు విరవడానికి దూడ పొట్టలోని ఎంజైమ్ వాడతారు. శాకాహారులైతే ప్యాకెట్ మీద పచ్చ చుక్క చూసుకోవాలి.

పక్కింటి జైన కుటుంబానికి పంపాలంటే మాత్రం ఇందులో రెండు ముఖ్యమైన సరుకులూ వాళ్లు తినరు. గుజరాత్ జైన వంటల్లో ఆలుగడ్డ స్థానంలో చాలాచోట్ల పచ్చి అరటికాయే ఉంటుంది. దాన్ని ఇలాగే ఉడికించి, ఆవిరి పోనిచ్చి, మైదా కలపొచ్చు. ఉల్లి బదులు సన్నగా తరిగిన క్యాబేజీని అదే మంట మీద మగ్గిస్తే దగ్గరి రంగు, దగ్గరి తీపి వస్తాయి, అదీ అరగంటలోపే.