రోహిణి కార్తెలో బర్రెల కొట్టం

మే నెలాఖరున మా అల్మాస్‌గూడలో తెల్లవారుజామున మూడు గంటలకు ఒకసారి మేలుకుని చూడండి. గోడలు ఇంకా పగటి వేడిని వదలవు. కుక్కలు కూడా అలిసి పడుకుని వుంటాయి. ఆ వేళకు మా వీధి చివరనుంచి బాల్చీ కడిగిన చప్పుడు, దాని వెనకనే ఒక దూడ అరుపు వినిపిస్తాయి. మేము అటునుంచి ఇటు ఒత్తిగిలి, 'కొట్టం లేచింది' అనుకుని మళ్ళీ కళ్ళు మూసుకుంటాము. ఇంకో రెండు గంటలకు ఆ పాలే మా గిన్నెల్లో పడతాయి.

ఎల్.బి. నగర్ చౌరస్తానుంచి కర్మన్‌ఘాట్, మీర్‌పేటల మీదుగా వస్తే అల్మాస్‌గూడ తగులుతుంది. ఒకప్పుడిది సరూర్‌నగర్ చుట్టుపట్ల పల్లెలలో ఒకటి. పంచాయతీ పోయి పురపాలకంలో కలిసింది. చేలు పోయి ప్లాట్లు వచ్చాయి. నాబోటి ఉద్యోగస్తులు అప్పులు చేసి ఇళ్ళు కట్టుకున్నారు. ఇన్ని ఇళ్ళ నడుమ, ఆరువందల గజాల జాగాలో, రేకుల కప్పు కింద, పధ్నాలుగు బర్రెలతో ఒక కుటుంబం కాపురం చేస్తోంది. మా కృష్ణా తీరంలో 'గేదె' అంటాము. కొత్తలో నేనలా అంటే పాలు పోసే కుర్రవాడు ముసిముసిగా నవ్వాడు. తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి గనుక చెబుతున్నాను, రెండూ మంచి మాటలే. కాని కొట్టంలో నిలబడినప్పుడు కొట్టం మాటే చెల్లుతుంది. ఇక్కడ బర్రె అనే రాస్తాను.

ఇంకో సంగతి ముందే ఒప్పుకోవాలి. మూడేళ్ళ కిందట ఈ కొట్టాన్ని ఇక్కడినుంచి ఎత్తివేయించాలని మా వీధివారు అర్జీ రాస్తే అందులో నేనూ సంతకం పెట్టాను. ఈగలు, వాసన, కాలువలో పేడ. ఇవేవీ అబద్ధాలు కావు. అర్జీ ఎక్కడ ఆగిపోయిందోగాని కొట్టం కదలలేదు. సంతకం పెట్టిన సాయంత్రం మా ఇంట్లో తాగిన కాఫీలో పాలు మాత్రం అక్కడివే! ఈ వేసవి సెలవుల్లో కాలేజీ లేదు, ఎండకు ఎక్కడికీ వెళ్ళే ఓపికా లేదు. పాలగిన్నె పట్టుకుని నేనే వెళ్ళడం మొదలుపెట్టాను. మూడోరోజుకు నాకొక పీట వేశారు.

పెద్దాయనకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. పెద్దకొడుకు పాలు పితుకుతాడు. చిన్నవాడు పొద్దున, సాయంత్రం ఇళ్ళకు పాలు పోసి, మధ్యలో కిరాయికి కారు నడుపుతాడు. పేడ ఎత్తడం, కడగడం, కుడితి కలపడం, దూడల్ని చూడడం పెద్దకోడలి వంతు. 'వంతు' అన్నానుగాని ఆమె చేయని పనేదో నాకు కనిపించలేదు.

పితకడమంటే చెంబు పెట్టి పిండడమే అనుకునేవారుంటారు. ముందు పొదుగు కడగాలి. దూడను విడవాలి. దూడ నాలుగు గుటకలు తాగి, మూతితో పొడిస్తే తల్లి పాలు చేపుతుంది. అప్పుడు దూడను లాగి పక్కన కట్టి, పొదుగు మెత్తగా వున్న ఆ కొద్ది నిమిషాల్లోనే పని ముగించాలి. దూడ చచ్చిపోతే చాలా బర్రెలు చేపవు. సూది మందు పొడిచి చేపించేవారు కొన్నిచోట్ల వున్నారు. పశువుకు చేటుచేసే మందు ఎక్కించి పాలు పిండడం 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం ప్రకారం నేరం. పెద్దాయనకు చట్టం సంగతి తెలియదు. "సూది పొడిస్తె పాలొస్తయి సారూ, రెండేండ్లకు బర్రె పోతది," అన్నాడు. దూడ పోయిన ఒక బర్రె ముందు పెద్దకోడలు రోజూ తవుడు తట్ట పెట్టి, మెడ నిమురుతూ పావుగంటసేపు నిలబడుతుంది. ఇస్తే ఇచ్చింది, లేకపోతే లేదు.

వేసవిలో ఈ ఇంటిల్లిపాదీ చేసే పనిలో సగం పైన ఒక్కటే: బర్రె ఒంటిమీది వేడిని దించడం. దాని నల్లటి తోలు ఎండను బాగా పీల్చుకుంటుంది. పైన వెంట్రుకలు పలచన. చెమట పట్టే గ్రంథులు ఆవుకున్నన్ని దానికి లేవు. మనకు చెమట పోసి, ఆరి, ఒళ్ళు చల్లబడుతుంది. బర్రెకు ఆ చెమట నీళ్ళలో వుంది. అందుకే కుంటలో ముక్కుపుటాలు మాత్రం పైకి పెట్టుకుని గంటలకొద్దీ పడుకుంటుంది. దాన్ని చూసి మనం సోమరితనానికి సామెతలు కట్టాము. అది దానికి వైద్యం.

హైదరాబాదులో 1966 జూన్ 2న 45.5 డిగ్రీల ఎండ కాసింది. ఆ సంగతి చెప్పి, ఆనాడు మీ బర్రెలేమైనాయని అడిగాను. అప్పటికి ఆయన పదేళ్ళవాడు.

"ఏం గాలె. కుంటల నీళ్ళుండె. పొద్దుగాల తోలితే మాపటికి ఒచ్చేటియి. మేము గూడ తోకలు పట్టుకొని అండ్లనే వుంటిమి," అన్నాడు.

ఇప్పుడు కుంటకూ కొట్టానికీ మధ్య నాలుగు కాలనీలున్నాయి. పశువులను తోలుకుపోయే దారి లేదు. వున్నా, మురుగు కలిసే నీళ్ళలోకి ఎవరు దింపుతారు? కుంట ఊరికే చేసిన పనిని ఈ కుటుంబం చేతులతో చేస్తోంది. పాలిచ్చే బర్రె ఎండాకాలంలో రోజుకు 70 లీటర్ల దాకా తాగుతుంది. పదకొండు గంటలకొకసారి, రెండున్నరకొకసారి గొట్టంతో కడగాలి. రేకుల మీద వరిగడ్డి పరిచి తడపాలి. గోనెపట్టాలు కట్టి వాటినీ తడపాలి. ఏప్రిల్‌లోనే బోరు గుటకలు వేస్తోంది. ఇక ట్యాంకరే శరణ్యం. 5000 లీటర్ల ట్యాంకరు రెండు రోజులు వస్తే ఎక్కువ. పాలు అమ్మి నీళ్ళు కొంటున్నామని చిన్నకొడుకు అంటాడు. పాలలో నీళ్ళు కలుపుతారని మనం వేళాకోళమాడుతాము గదా, ఈ నీళ్ళ ఖరీదు చూశాక ఆ హాస్యం నాకు రుచించడం లేదు.

మేత సంగతి ఇంకోటి. ఉప్పల్ దాటాక పీర్జాదిగూడ, పర్వతాపురం వైపు మూసీ నీటితో పచ్చగడ్డి పెంచుతారు. నగరమంతా వదిలిన మురుగుతో పెరిగే ఆ గడ్డి ఎంతో కాలంగా నగరంలోని పశువులను పోషించింది. మంచిదా చెడ్డదా అంటే శాస్త్రజ్ఞులకు సందేహాలున్నాయి. ఎండాకాలంలో పచ్చగా మరేదీ దొరకదన్నది మాత్రం నిజం. ఎండుమేతకు వరిగడ్డి, జొన్నచొప్ప. దాణాకు తవుడు, పత్తిచెక్క, కందిపొట్టు. ఎండకు బర్రె మేత తగ్గిస్తుంది. అందుకని గట్టిమేతంతా చల్లబడ్డాక రాత్రిపూట వేస్తారు. రాత్రి పది గంటలకు మనం అన్నాలు తిని పడుకునే వేళకు ఆ ఇంట్లో రెండో భోజనాల పంక్తి మొదలవుతుంది.

వేసవిలో పాలెందుకు పలచబడతాయి, ఎందుకు తగ్గుతాయి అని గృహిణులు అడుగుతూ వుంటారు. కారణం ముందుటేడాదే పడుతుంది. బర్రె చూడి పది నెలల పైచిలుకు. చలికాలానికి కాస్త ముందూ వెనకా ఎదకు వచ్చి కట్టినవి మరుసటేడు వానలు మొదలుకుని ఈనుతాయి. ఆ లెక్కన ఎండలు ముదిరేసరికి చాలావాటి పాలు అడుగంటుతాయి, కొన్ని వట్టిపోతాయి. ఈ ఎండల్లో కొత్తగా ఎదకు రావడం అరుదు. వచ్చినా పైకి తెలియదు. అరుపు లేదు, గంతు లేదు. ఏ అర్ధరాత్రో చిన్న గుర్తు చూపి ఊరుకుంటుంది. అది తప్పితే మళ్ళీ 21 రోజులు ఆగాలి. అందుకే పెద్దాయన మంచం కొట్టంలోనే. మా వీధిలో నేనొక్కణ్ణే నిద్రపట్టక బాధపడుతున్నాననుకునేవాణ్ణి.

జనవరిలో ఈ కొట్టంలో పదకొండు బర్రెలు పాలిచ్చాయి. మే నెలలో అయిదు. తినేవి మాత్రం పధ్నాలుగూ తింటాయి. సరిగ్గా ఈ నెలల్లోనే పెళ్ళిళ్ళు, మజ్జిగ, పెరుగు, ఐస్‌క్రీములు! పెద్ద డెయిరీలవారు చలికాలంలో మిగిలిన పాలను పొడిచేసి దాచి, వేసవిలో మళ్ళీ పాలుగా కలుపుతారు. దేశంలో 1970లో మొదలైన శ్వేతవిప్లవం అటువంటి ఏర్పాట్లతోనే నిలిచింది. 1998 నాటికి భారతదేశం పాల ఉత్పత్తిలో ప్రపంచంలోనే మొదటి స్థానానికి వచ్చింది. ఆ పాలలో దాదాపు సగం బర్రెలవే. కొట్టం నడిపేవాడికి పొడి చేసుకునే యంత్రం లేదు గదా. ఆయన దాచుకున్నదల్లా చలికాలంలో మిగిలిన నాలుగు రూపాయలు, అవీ ట్యాంకర్లకు పోయాయి.

కొట్టంలో ఒక బర్రె పేరు 'ఢిల్లీ'. అది హర్యానానుంచి లారీలో వచ్చిన ముర్రా. కొమ్ములు జిలేబీచుట్టలా బిగుసుకుని వుంటాయి. పదమూడింటికీ అదే పట్టమహిషి. మాట కలిసి వచ్చిందని రాయడం లేదు, మహిషి అంటే బర్రె అనే అర్థం కూడా వుంది, నిఘంటువు చూసుకోండి.

మే చివరివారంలో ఒక మధ్యాహ్నం, పన్నెండున్నరకు కరెంటు పోయింది. మోటారు ఆగింది. ట్యాంకరు రావలసినది రాలేదు. రెండుగంటలకు మా తలుపు తట్టిన చప్పుడైంది. పెద్దకోడలు. "సారూ, నీళ్ళుంటె ఇయ్యుండ్రి. ఢిల్లీ పడ్డది," అన్నది. ఆమె మా గడపలోకి వచ్చి ఏదైనా అడగడం అదే మొదటిసారి.

వెళ్ళేసరికి ఢిల్లీ ఒక పక్కకు ఒరిగి, మెడ చాచి, నోటినుంచి నురుగు కారుస్తూ గసపెడుతోంది. పశువుల డాక్టరు ఫోనులో చెప్పినట్లు తలమీద, మెడమీద తడి గోనెలు వేసి మారుస్తూ వచ్చారు. నేను, మా అబ్బాయి మా సంపులోనుంచి బకెట్లు మోశాము. నలభై దాటిన తెలుగు లెక్చరరు మోయగలిగిన బకెట్లెన్నో మీరే ఊహించుకోండి. ఎదురింటి ఆవిడ కూడా రెండు బకెట్లు ఇచ్చింది. అర్జీ స్వయంగా రాసిన ఆయన మేడమీదనుంచి చూసి, "ఆ నీళ్ళు కాలువలోకి రాకుండా చూడండి," అన్నాడు. ఆయన మాటా న్యాయమే. ఆ వేళకు న్యాయంగా వినిపించలేదు.

నాలుగున్నరకు డాక్టరు వచ్చి చూసేటప్పటికి జ్వరమానిలో 105 దాటి వుంది. ఆరోగ్యంగా వుంటే 101 వుండాలి. సెలైను ఎక్కించాడు. చీకటిపడ్డాక అది తల ఎత్తి, కుడితిలో మూతి పెట్టింది. పెద్దాయన అంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు. లేచి ముఖం కడుక్కుని వచ్చి, మిగతావాటికి గడ్డి వెయ్యలేదని కొడుకుల్ని కేకలేశాడు.

బర్రె బతికిందిగాని పాలు ఆగిపోయాయి. ఇప్పుడు నాలుగే.

ఆ వారంలోనే బేరగాడు వచ్చాడు. పశువులకు కాదు, జాగాకు. చిన్నకొడుక్కి అమ్మాలనే వుంది. అమ్మితే వాళ్ళ బతుకు మారుతుంది, అందులో సందేహం లేదు. పెద్దకొడుకు ఏమీ అనడు. నాదర్‌గుల్ అవతల కౌలుకు జాగా చూసుకుని బర్రెలను అక్కడికి తోలుదామని ఒక ఆలోచన. కాని అక్కడినుంచి తెల్లవారి అయిదింటికి మా గిన్నెల్లోకి పాలు ఎట్లా వస్తాయి? పెద్దకోడలిని అడిగాను. "నన్నెవరు అడుగుతరు సారూ?" అని నవ్వి, పేడ తట్ట ఎత్తుకుంది.

పెద్దాయన బేరగాడికి చాయ ఇప్పించి, దీపావళి ముచ్చట చెప్పి పంపేశాడు. దీపావళి వెళ్ళాక సదర్ పండుగకు నారాయణగూడలో దున్నపోతులకు దండలు వేసి, ఒళ్ళంతా నూనె పట్టించి ఊరేగిస్తారు. జనం కిటకిటలాడుతూ ఫొటోలు తీసుకుంటారు. "ఆ ఒక్కరోజు అందరికీ మావోళ్ళు కావాలె," అన్నాడు. జాగా మాటేమిటంటే, "మృగశిర రానీ, వానపడనీ. ఎండల ఏ పనీ ఒప్పుకోవద్దు," అన్నాడు.

మొన్న మా వీధిలో కొత్త అర్జీ తిరిగింది. కొట్టం తీసివేయాలన్న మాట దగ్గర నేను ఆగి, పేడ ఎత్తుకుపోవడానికి వారానికి రెండుసార్లు ట్రాక్టరు వేయించాలని, కడిగిన నీళ్ళకు ఇంకుడుగుంట తవ్వించాలని రాసి ఇచ్చాను. రాసినాయన కళ్ళజోడు సవరించుకుని, "ఇది వేరే అర్జీ అవుతుందండీ," అన్నాడు. అవుతుందన్నాను. ఇంతవరకు దానిమీద మూడు సంతకాలున్నాయి: నాది, మా ఆవిడది, ఎదురింటి ఆవిడది.

నిన్న గొంతువాపు టీకాలు వేయడానికి వచ్చారు. వానలకు ముందే వేయాలట. ఢిల్లీ ఒక్కటే తల విదిలించి, పలుపు తెంచుకున్నంత పని చేసింది. దానికి బలం వచ్చిందని ఇంటిల్లిపాదీ సంతోషించారు. ఇవాళ పొద్దున్న మా గిన్నెలో అరలీటరుకు ఒక గరిటెడు తక్కువ పోసి, "రేపు సరిచేస్తం సారూ," అన్నాడు చిన్నకొడుకు.