పాటకూ కాస్త వెలితి ఉండాలి

పల్లెల్లో కంప్యూటరు మీద పాటలు కలిపే కుర్రాళ్లు తయారయ్యారు. డప్పు, డోలక్, గొంతు విడివిడిగా వింటే బాగానే ఉంటాయి. అన్నీ కలిపేసరికి ఒకటే గరగర!

టేపు రోజుల్లో మోత కాస్త మీరినా టేపు ఓర్చుకునేది. డిజిటల్‌కు ఆ ఓర్పు లేదు. మీటరులో సున్నా డెసిబెల్స్ దాని పైకప్పు. అది దాటిన శబ్దం తల తెగిపోతుంది. రికార్డింగులోనే తెగితే తర్వాత ఎంత తగ్గించినా అతకదు. నాట్ల పాట పాడిన అవ్వను మళ్లీ మళ్లీ పాడమనలేం కదా!

ఒకేలాంటి శబ్దాలు రెండు కలిస్తే మట్టం 6 డెసిబెల్స్ పెరుగుతుంది. కాబట్టి అన్నీ కలిశాక కూడా పెద్ద దెబ్బ మైనస్ 6 దగ్గరే ఆగేలా చూసుకోవాలి. గొంతు వినబడకపోతే గొంతు పెంచకండి, డప్పు తగ్గించండి. 24 బిట్లలో రికార్డు చేస్తే మట్టం తక్కువైనా స్పష్టత చెడదు. చివర్లో పెంచుకోవచ్చు.

మోత పెంచితే పేరొస్తుందనుకుంటే పొరపాటు. మోత మీరిన పాటను యూట్యూబే తగ్గించి వినిపిస్తుంది. గరగర మాత్రం మిగులుతుంది.

అంచుదాకా నింపిన బిందె దారిలోనే తొణుకుతుంది. వెలితి ఉంచితేనే నీళ్లు ఇల్లు చేరతాయి. పాటైనా అంతే.