ఆన్‌లైన్ వీడియోలకు పరికరాలు: ఏది ముందు, ఏది తరువాత

సొంత ఛానల్ మొదలుపెట్టాలనుకునే విద్యార్థులు సంపర్క తరగతుల్లో తరచుగా అడిగే ప్రశ్న "ఏ కెమెరా కొనాలి?" అని. ఈ పాఠంలో ఆ ప్రశ్న చివరి విభాగంలో వస్తుంది. దానికి ముందు తేల్చుకోవలసినవి మరికొన్ని ఉన్నాయి.

అప్పు చేసి కెమెరా కొంటే వాయిదా మరుసటి నెల నుంచే కట్టాలి. ఆదాయం అంత త్వరగా రాదు. యూట్యూబ్ ప్రకటనల ఆదాయంలో వాటా పొందడానికి కనీసం 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గడచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. షార్ట్స్ ద్వారా అయితే 90 రోజుల్లో కోటి వీక్షణలు కావాలి. ఈ మెట్టు ఎక్కడానికి కొందరికి నెలలు, కొందరికి సంవత్సరాలు పడుతుంది. చాలామంది మధ్యలోనే ఆగిపోతారు. కాబట్టి పరికరాల ఎంపికను అభిరుచి సంగతిగా కాక ఇంటి ఖర్చు సంగతిగా చూడాలి.

4.1 ముందుగా ఒక పరీక్ష

పరికరం అనేది ఒక లోపానికి మందు. లోపం ఏమిటో తెలియకుండా మందు కొనకూడదు. అందువల్ల ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్‌తోనే రెండు నిమిషాల వీడియో తీయండి. మీరు నిజంగా వీడియోలు తీయబోయే గదిలో, తీయబోయే వేళలోనే తీయాలి. ముందు లెన్సును మెత్తని నూలుగుడ్డతో తుడవండి. వంటింట్లో తిరిగే ఫోన్‌కు నూనె జిడ్డు పట్టి ఉంటుంది. బొమ్మ మసకగా వస్తోందని కొత్త ఫోన్ కోసం చూసేవారికి ఒక్కోసారి ఈ గుడ్డే చాలు. సెల్ఫీ కెమెరా కంటే వెనుక కెమెరా సాధారణంగా మెరుగైనది కనుక దానితోనే తీయండి.

తరువాత ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని ఆ వీడియోను ఒకసారి వినండి. రెండోసారి శబ్దం పూర్తిగా తగ్గించి చూడండి. విన్నప్పుడు తోచిన లోపాలను, చూసినప్పుడు తోచిన లోపాలను వేరువేరుగా రాసుకోండి. మొదటిసారి తీసేవారి జాబితాలో మాట దూరంగా వినిపించడం, ఫ్యాను హోరు, గది మారుమోగడం, ముఖం చీకటిగా ఉండడం, బొమ్మ ఊగడం ఎక్కువగా కనిపిస్తాయి. వీటిలో ఒక్కటి కూడా ఖరీదైన కెమెరాతో పోయేది కాదు.

4.2 ధ్వని

బొమ్మ కొంచెం నాసిగా ఉన్నా ప్రేక్షకులు సర్దుకుంటారు. మాట అర్థం కాకపోతే మాత్రం వెళ్లిపోతారు. పాఠాలు చెప్పే ఛానల్‌కు ఈ మాట మరీ వర్తిస్తుంది. కాబట్టి మొదటి రూపాయి మైకు మీద పెట్టడం మంచిది.

దీని వెనుక భౌతిక సూత్రం ఒకటి ఉంది. శబ్దం పుట్టిన చోటు నుంచి దూరం రెట్టింపు అయితే అందే శక్తి నాలుగో వంతుకు తగ్గుతుంది. ఆరడుగుల దూరంలో, అంటే 72 అంగుళాల అవతల, స్టాండు మీద ఉన్న ఫోన్ మీ మాటను రికార్డు చేస్తోందనుకోండి. అదే మైకు మీ ఛాతీ మీద, నోటికి 8 అంగుళాల దూరంలో ఉంటే దూరం తొమ్మిదో వంతు అవుతుంది. అందే శక్తి 9×9, అంటే 81 రెట్లు పెరుగుతుంది. పైన తిరిగే ఫ్యాను హోరు మాత్రం ఇంచుమించు అలాగే ఉంటుంది. మాటకూ హోరుకూ మధ్య ఇంత తేడా తెచ్చేది మైకు ఉన్న చోటు. మైకు ఖరీదుకు ఇందులో పాత్ర తక్కువ. వెయ్యి రూపాయల లోపు దొరికే తీగ ఉన్న కాలర్ మైకు దగ్గరగా ఉంటే, దూరంగా పెట్టిన ఖరీదైన మైకు కంటే చాలాసార్లు మెరుగ్గా పనిచేస్తుంది.

కొనేటప్పుడు పిన్నును గమనించండి. 3.5 మి.మీ. పిన్ను మీద నల్లని గీతలు రెండు ఉంటే అది సాధారణంగా కెమెరాకు, మూడు ఉంటే ఫోన్‌కు. గీతలు రెండే ఉన్న పిన్నును ఫోన్‌కు పెడితే చాలా ఫోన్లు దాన్ని మైకుగా గుర్తించక, తమ లోపలి మైకుతోనే రికార్డు చేస్తాయి. తెర మీద ఏ హెచ్చరికా రాదు. ఈ పాఠం రాస్తున్నవారు ఒక పూట పాఠమంతా ఇలాగే రికార్డు చేసి, ఇంటికి వెళ్లాక గాని తెలుసుకోలేదు. అందుకే రికార్డింగు మొదలుపెట్టి మైకును వేలితో మెల్లగా తట్టండి. ఆ తట్టు చప్పుడు దగ్గరగా వినిపిస్తేనే ముందుకు వెళ్లండి. ఇప్పటి చాలా ఫోన్లకు 3.5 మి.మీ. రంధ్రమే లేదు. వాటికి టైప్-సి పిన్ను ఉన్న మైకు కావాలి. నడుస్తూ, పొలంలో తిరుగుతూ మాట్లాడేవారికి వైర్‌లెస్ మైకు అవసరమే. ఒకచోట కూర్చుని చెప్పేవారికి తీగ మైకు చాలు. దానికి ఛార్జింగు బాధ కూడా ఉండదు.

మారుమోతకు మందు దుకాణంలో లేదు. టైల్సు నేల, ఖాళీ గోడలు ఉన్న గదిలో మాట అటూ ఇటూ తగిలి తిరిగి వస్తుంది. నేల మీద బొంత పరచి, మీ ఎదుట కెమెరా వెనుక ఒక మందపాటి దుప్పటి వేలాడదీసి మళ్లీ రికార్డు చేసి చూడండి. బట్టలు నిండిన బీరువా తలుపులు తెరిచి పెట్టినా కొంత తేడా వస్తుంది.

4.3 వెలుతురు

ఆంధ్రప్రదేశ్‌లోని ఒక పల్లెలో మస్తానమ్మ నూరేళ్లు దాటిన వయసులో వండిన వంటలు 'కంట్రీ ఫుడ్స్' అనే యూట్యూబ్ ఛానల్ ద్వారా దేశదేశాల వారు చూశారు. 2018లో ఆమె మరణించినప్పుడు విదేశీ పత్రికలు కూడా రాశాయి. ఆ వీడియోల్లో పొయ్యి ఉన్నది ఆరుబయట. పగటి వెలుతురు నాలుగు వైపుల నుంచీ పడుతుంది, మారుమోగడానికి గోడలు లేవు. మీ విషయానికి ఆరుబయలు సరిపోతే లైట్ల ఖర్చు గురించి ఆలోచించే పనే లేదు. మైకుకు మాత్రం గాలి హోరు తగలకుండా స్పాంజి తొడుగు ఉండాలి.

ఇంట్లో తీసేవారు కిటికీకి ఎదురుగా కూర్చోవాలి. కిటికీ వీపు వెనుక ఉంటే ఫోన్ ఆ వెలుతురును చూసి ముఖాన్ని చీకటి చేస్తుంది. ఎండ నేరుగా పడుతుంటే కిటికీకి పలచని తెల్ల పంచె కట్టండి, నీడలు మెత్తబడతాయి. ముఖానికి రెండో వైపు చీకటిగా ఉంటే ఒక తెల్ల థర్మోకోల్ అట్ట నిలబెట్టండి. పగటి వెలుతురుతో పాటు పసుపు బల్బు వేస్తే ముఖం ఒక వైపు నీలంగా, ఒక వైపు పచ్చగా వస్తుంది. రెంటిలో ఒకటే ఉంచండి.

ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు తీసేవారికి లైటు తప్పదు. రింగ్ లైటు చవకే గాని కళ్లజోడులో, స్టీలు గిన్నెల మీద గుండ్రంగా మెరుస్తుంది. అలాంటివారు దానికి బదులు చదునైన ఎల్.ఇ.డి. ప్యానెల్‌ను పక్కగా, కొంచెం ఎత్తున పెట్టుకోవాలి.

రాత్రి తీసిన వీడియోల్లో నల్లని చారలు పైకీ కిందికీ కదలడం మీరు గమనించే ఉంటారు. చాలామంది ఫోన్ పాడైందనుకుంటారు. మన దేశంలో విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్జ్. చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్లు, నాసిరకం ఎల్.ఇ.డి. బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి అది కనిపించదు. షట్టర్ స్పీడ్ 1/50 అయితే ప్రతి ఫ్రేముకూ సరిగ్గా రెండు మినుకులు, 1/100 అయితే ఒక్కటి అందుతాయి. 1/60 అయితే ఒక ఫ్రేముకు ఎక్కువ, మరొక ఫ్రేముకు తక్కువ అందుతుంది. చారలకు కారణం అదే. 60 హెర్ట్జ్ విద్యుత్తు ఉన్న అమెరికాలోని వారు చెప్పే 30 ఫ్రేములు, 1/60 అనే అమరికను ఇక్కడ అలాగే వాడితే ఈ చిక్కు వస్తుంది. మీ ఫోన్‌లో 50 హెర్ట్జ్ అమరిక ఉంటే అది పెట్టండి. లేకపోతే షట్టర్‌ను స్వయంగా మార్చుకోనిచ్చే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా వంటి ఉచిత యాప్ మీ ఫోన్‌లో పనిచేస్తుందేమో చూసి, 25 ఫ్రేములు, 1/50 పెట్టుకోండి. లైటు మార్చనక్కరలేదు, ఫోనూ మార్చనక్కరలేదు.

4.4 స్టాండు, నిల్వ

స్టాండు గురించి ఎక్కువ చెప్పేది లేదు. పొడుగు కంటే కాళ్ల గట్టిదనం చూడండి. ఫోన్ బిగించి ఒక వేలితో తట్టినప్పుడు చాలాసేపు ఊగితే వదిలేయండి. గింబల్ నడుస్తూ తీసేవారికే.

నిల్వ లెక్క మాత్రం అందరూ నేర్చుకోవాలి. వీడియో బిట్‌రేటు సెకనుకు 50 మెగాబిట్లు అనుకుందాం. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక సెకనుకు 6.25 మెగాబైట్లు, నిమిషానికి 375, గంటకు 22.5 గిగాబైట్లు. ఫోన్‌లో 32 జీబీ ఖాళీ ఉంటే దాదాపు 85 నిమిషాల్లో నిండిపోతుంది. 4కె ఎంచుకుంటే బిట్‌రేటు సాధారణంగా ఇంకా పెరుగుతుంది. ఒక ఫుల్ హెచ్.డి. ఫ్రేములో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లుంటే 4కె ఫ్రేములో సుమారు 83 లక్షలుంటాయి. ఫోన్ తెర మీద చూసేవారికి ఈ తేడా పెద్దగా తెలియదు. తీసిన బొమ్మలో కొంత భాగాన్ని తరువాత కత్తిరించి పెద్దది చేయాలనుకుంటే 4కె ఉపయోగపడుతుంది.

4.5 కెమెరా ఎప్పుడు?

పై మూడూ సరిచేశాక కూడా మీ జాబితాలో లోపాలు మిగిలితే అప్పుడు కెమెరా గురించి ఆలోచించవచ్చు. చీకట్లో బొమ్మ గింజలు గింజలుగా రావడం, దూరాన ఉన్న పక్షిని దగ్గరగా చూపలేకపోవడం అలాంటివి. ఇక్కడ మెగాపిక్సెళ్ల కంటే సెన్సర్ సైజు ముఖ్యం. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36×24 మి.మీ., ఏ.పి.ఎస్.-సి. సుమారు 23.5×15.6, 'ఒక అంగుళం' అని పిలిచేది 13.2×8.8 మి.మీ. ఈ చివరిదాని పేరు చూసి మోసపోకండి, అందులో ఏ కొలతా అంగుళం లేదు.

కెమెరాతో పాటు ఎఫ్/1.8 ఉన్న 50 మి.మీ. లెన్సు కొనమని చాలామంది సలహా ఇస్తారు. వెలుతురు విషయంలో అది మంచి లెన్సే. కిట్ లెన్సు ఎఫ్/3.5 కంటే దాదాపు నాలుగు రెట్లు కాంతిని తీసుకుంటుంది. అయితే ఏ.పి.ఎస్.-సి. కెమెరాకు దాన్ని తగిలించి రెండు మీటర్ల దూరంలో పెడితే సుమారు 94 సెం.మీ. వెడల్పు మాత్రమే కనిపిస్తుంది. పదడుగుల గదిలో వంట చేసేవారికి పొయ్యి ఉంటే మనిషి ఉండదు, మనిషి ఉంటే పొయ్యి ఉండదు. అదే దూరంలో 18 మి.మీ. దగ్గర కిట్ లెన్సుకు రెండున్నర మీటర్లకు పైగా పడుతుంది. గది కొలిచి లెన్సు కొనాలి.

గంటసేపు పాఠాలు రికార్డు చేసేవారు మరొకటి అడగాలి. పాత మోడళ్లలో చాలా వరకు 29 నిమిషాల 59 సెకన్ల దగ్గర ఆగిపోతాయి. అరగంటకు మించి రికార్డు చేసేవాటిని ఐరోపా సమాఖ్య వీడియో కెమెరాలుగా లెక్కించి ఎక్కువ సుంకం వేసేది. అది తప్పించుకోవడానికి తయారీదారులు పెట్టిన గీత అది.

కొనే ముందు ఒక రోజు అద్దెకు తెచ్చి వాడండి. మీ ఊళ్లో పెళ్లిళ్లు తీసే ఫొటోగ్రాఫర్‌ను ఆషాఢంలోనో మూఢంలోనో అడిగితే ముహూర్తాల రద్దీ ఉండదు కనుక కెమెరా ఖాళీగా ఉంటుంది, అద్దె కూడా బేరమాడవచ్చు. వాడిన కెమెరానే కొంటుంటే బిల్లు మీద సీరియల్ నంబరు, కెమెరా మీద నంబరు ఒకటేనా చూడండి. మీ సొంత మెమరీ కార్డు తీసుకెళ్లి అక్కడే ఇరవై నిమిషాలు ఆపకుండా వీడియో తీయండి. వేడెక్కి ఆగిపోయేది అప్పుడే తెలుస్తుంది. షట్టర్ ఎన్నిసార్లు పడిందో చెప్పే సంఖ్య వీడియో వాడకాన్ని చూపదు, దాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. లెన్సుకు ఒక వైపు నుంచి టార్చి వేసి రెండో వైపు నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది బూజు. తేమ ఎక్కువగా ఉండే కోస్తా జిల్లాల్లో ఇది మామూలే. అలాంటి లెన్సు ఎంత చవకైనా వద్దు. మంచిది దొరికితే గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులతో ఉంచి, వానాకాలంలో ఆ సంచులను అప్పుడప్పుడు మార్చండి.